పిల్లల తోటకు బోర్డులు – 3వ పాఠం: వానపాము పరీక్ష

మొదటి పాఠంలో బోర్డు ఎక్కడ పెట్టాలో, రెండో పాఠంలో దాని మీద ఎన్ని మాటలు ఉండాలో చూశాం. ఇప్పుడు ఆ మాటలకు ఫాంట్ ఎంచుకుందాం. పోయినసారి మీ తోటలోని పది పేర్లు రాసి ఉంచమన్నాను కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. వేప, కానుగ, జమ్మి, తంగేడు, మందారం లాంటివి మన హైదరాబాద్ బడుల ఆవరణల్లోనూ కాలనీ పార్కుల్లోనూ ఎలాగూ ఉంటాయి. వాటికి ఇంకో రెండు మాటలు చేర్చండి: వానపాము, పువ్వు.

ఈ రెండే ఎందుకో చెబుతాను. వానపాములో వ, న, ప, మ నాలుగూ ఉన్నాయి. తెలుగు నేర్చుకునే పిల్లలు ఈ అక్షరాల దగ్గర తడబడుతుంటారు. వ మీద తలకట్టు అక్షరానికి అంటుకుని ఉంటుంది, ప మీద విడిగా ఉంటుంది. ఆ సన్నటి ఖాళీ పూడిపోతే ప కాస్తా వ అయిపోతుంది. వ పక్కన కొమ్ము మామూలుగా పెడితే మ లాగా కనిపిస్తుంది కాబట్టే వు, పు రాసేటప్పుడు కొమ్మును కిందినుంచి తిప్పుతాం. ‘పువ్వు’లో ఆ కొమ్ములూ ఉన్నాయి, మధ్యలో వ ఒత్తూ ఉంది. ఈ రెండు మాటలూ తేటగా కనిపించే ఫాంట్ దొరికితే సగం పని అయినట్టే. దానిమ్మ, ధనియాలు కూడా పక్కపక్కన రాసి చూడండి. ద, ధ తేడా అంతా ఒక చిన్న గీతలో ఉంది. లావు అక్షరాల్లో ముందు మాయమయ్యేది అదే.

పిల్లల బోర్డు అనగానే బొద్దుగా, గెంతుతున్నట్టుండే అక్షరాలు వెతుకుతాం. అవి మన కంటికి ముద్దుగా ఉంటాయి. ఇప్పుడిప్పుడే కూడబలుక్కుని చదువుతున్న పిల్లకు మాత్రం తన వాచకంలో చూసిన అక్షరం ఇక్కడా అదే రూపంలో కనబడాలి. అందుకే ఫాంట్ ఎంచుకునే ముందు ఒకటో తరగతి వాచకం ఒకటి పక్కన పెట్టుకోమంటాను.

ఉచితంగా దొరికేవాటిలో నేను ముందు పరీక్షించేవి మూడు: నోటో సాన్స్ తెలుగు, మండలి, అనెక్ తెలుగు. అనెక్‌లో లావూ వెడల్పూ రెండూ మార్చుకోవచ్చు. ‘సీతాఫలం చెట్టు’ లాంటి పొడుగు పేరు చిన్న పలక మీద పట్టాలంటే ఇది బాగా పనికొస్తుంది. రామభద్ర చాలా లావు, బాలూ తమ్ముడు గుండ్రంగా ఉంటుంది. తోట గేటు మీద పెద్ద పేరుకు ఇవి బాగుంటాయి కానీ చెట్టు పక్కన చిన్న పలక మీద వద్దు. ఏ ఫాంట్ తీసుకున్నా మరీ సన్నం, మరీ లావు కాకుండా మధ్యరకం లావులో మొదలుపెట్టండి. మన ఎండలో తెల్లటి పలక మీద సన్నటి గీత కరిగిపోయినట్టు ఉంటుంది. లావెక్కితే అక్షరం లోపలి ఖాళీలు మూసుకుపోతాయి.

ఇక సైజు. బోర్డులు చేసేవాళ్ల లెక్క ప్రకారం పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. ఈ లెక్క ఇంగ్లిషు పెద్దక్షరాలను బట్టి వచ్చింది. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. అన్నీ కలిపి అంగుళం అనుకుంటే అసలు అక్షరం అరంగుళమే మిగులుతుంది. అందుకని గుడీ ఒత్తూ లేని ఒక్క ‘వ’ను స్కేలుతో కొలవండి. అది అంగుళం ఉండాలి. చిన్న పిల్లలకైతే నేను ఒకటిన్నర అంగుళం పెడతాను. కంప్యూటర్‌లో ఫాంట్ సైజుగా కనిపించే పాయింట్ల అంకెను నమ్ముకోవద్దు. ఒకే వంద పాయింట్లకు ఒక్కో ఫాంట్‌లో అక్షరం ఒక్కో ఎత్తులో వస్తుంది. రెండు వరుసలుంటే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకకూడదు. ‘చెట్టు’ కింద ‘గింజలు’ అని రాసి చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

ఇక్కడ నాకు జరిగిన నష్టం చెప్పాలి. ఒక బడి తోట కోసం పన్నెండు పలకలు చేయించాను. ఫైల్ సరిగ్గానే పంపాను. ప్రింట్ అయి వచ్చాక చూస్తే ‘చెట్టు’ అన్నచోటల్లా ‘చెట్‌టు’ అని ఉంది. ఒత్తు విడిపోయి పక్కన నిలబడింది. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు (ఇప్పుడు ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే అక్షరాల పద్ధతి) తెరిస్తే ఇలా జరుగుతుంది. చాలా డీటీపీ షాపుల్లో ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లతో పని చేస్తారు. అవి యూనికోడ్ కావు, కాబట్టి మీ అక్షరాలు అక్కడ తిరగరాసే అవకాశమూ ఉంది. పన్నెండు పలకలూ మళ్లీ చేయించాల్సి వచ్చింది. ఆ బడి పిల్లలు తప్పు తెలుగు చూసి నేర్చుకుంటారేమోనన్న టెన్షన్ డబ్బు పోయినదానికంటే ఎక్కువ బాధపెట్టింది. అప్పటినుంచి అక్షరాలను అవుట్‌లైన్లుగా (అంటే ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మలుగా) మార్చి పీడీఎఫ్ మాత్రమే ఇస్తున్నాను. ఒక్క పలక ముందు ప్రింట్ తీయించి, అక్షరం అక్షరం చదివాకే మిగతావాటికి ఒప్పుకుంటాను. మీరూ అలాగే చేయండి.

ఇంగ్లిషు పేరు కూడా పెడుతుంటే, చిన్నక్షరాల్లో ‘ఎ’ పిల్లలు చేత్తో రాసే రూపంలో, అంటే సున్నా పక్కన గీతలాగా ఉన్న ఫాంట్ చూసుకోండి. చదవడం కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే తయారైన ఆండికా అనే ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. ఉర్దూ విషయంలో మాత్రం ఇంకాస్త శ్రద్ధ కావాలి. 2017 నుంచి తెలంగాణ అంతటా అది రెండో అధికార భాష, పైగా మన నగరంలో ఎంతోమంది పిల్లల ఇంటి భాష. ఉర్దూను మామూలుగా రాసే నస్తాలిఖ్ రాత కుడినుంచి ఎడమకు ఏటవాలుగా దిగుతుంది కాబట్టి తెలుగు వరుసకంటే ఎక్కువ ఎత్తు కావాలి. మిగిలిన చోటులో ఇరికించకుండా, పలక కొలత వేసేటప్పుడే దానికి చోటు తీసిపెట్టండి. ఉర్దూ చదవగలిగిన టీచర్‌కో తల్లికో చూపించకుండా ప్రింట్‌కు ఇవ్వొద్దు.

ఈ వారం మీ పని ఇది. మూడు ఫాంట్లలో ‘వానపాము’, ‘పువ్వు’ అసలు సైజులో ప్రింట్ తీయండి. మధ్యాహ్నం పూట ఆరుబయట గోడకు, పిల్లల కళ్ల ఎత్తులో అంటించండి. ఐదారేళ్ల పిల్లలకు అది నేలనుంచి సుమారు మీటరు. పది అడుగుల దూరంలో ఒకటో రెండో తరగతి పిల్లల్ని నిలబెట్టి చదవమనండి. మాట అందించొద్దు, తొందరపెట్టొద్దు. ఎక్కడ ఆగారో ఆ అక్షరం చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టండి. వానపాము బొమ్మ మాత్రం పక్కన పెట్టకండి, బొమ్మ చూసి చెప్పేస్తారు.

సున్నాలు చుట్టిన కాగితాలు దాచి ఉంచండి. నాలుగో పాఠంలో రంగులు చూసేటప్పుడు అవే కాగితాలతో మొదలుపెడతాం.