గట్టు రోడ్డు మీద గుద్దుకుంటే ముందు ఫొటోలు, తర్వాతే రాజీ

దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు మా వైపు రోడ్లు సగం కళ్లాలే. ఒక పక్క ధాన్యం, దాని చుట్టూ రాళ్లు, మీద బరకం, ఇంకో పక్క కాలవ, మిగిలిన జాగాలోనే గడ్డి లోడు ట్రాక్టరూ మన బైకూ. మొన్న దాళ్వాలో ఆచంట వైపు గట్టు మీద ఆపి ఉంచిన గడ్డి ట్రక్కుని (ట్రాక్టరు వెనక తొట్టిని) మా బాబాయి చీకట్లో వెనకనుంచి గుద్దేశాడు, కాలు విరిగింది. అరగంటలో పెద్దమనుషులు దిగిపోయి "నలభై వేలు ఇప్పిస్తాం, కేసులెందుకండీ" అన్నారు. ఆ అరగంటలో ఏం చేయాలో అప్పుడు తెలిసొచ్చింది, అదే రాస్తున్నా.

ముందు 108కి ఫోన్ చేయండి. దారిన పోయేవాళ్లు సాయం చేసినా ఏమీ కాదు, మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ వాళ్లకి రక్షణగా ఉంది, పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. ఆసుపత్రిలో వివరాలు రాసేటప్పుడు మాత్రం పక్కనే నిలబడండి. పోలీసుల గొడవెందుకని మనవాళ్లే "బండి మీంచి జారి పడ్డాడు" అని చెప్పేస్తారు, రేపు ఇన్సూరెన్స్ లాయరు పట్టుకునేది ఆ ఒక్క ముక్కనే. ఏ బండికి ఎలా తగిలిందో ఉన్నదున్నట్టు రాయించండి. ఇంకోటి, 2025 మే నుంచి కేంద్రం పథకం ఒకటి ఉంది, రోడ్డు ప్రమాదమైతే ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా నగదు కట్టకుండా వైద్యం చేయాలి, ఆ జాబితాలో ఉన్న ఆసుపత్రేనా అని అడగండి.

ఇద్దరుంటే ఒకరు అంబులెన్స్ ఎక్కాలి, ఒకరు అక్కడే ఉండాలి. బండ్లు కదపకముందే దూరం నుంచి రెండు వైపులా ఫొటోలు తీయండి, దగ్గర్లో ఉన్న కరెంటు స్తంభం నంబరుతో సహా. బ్రేకు గీత ఉంటే పక్కన చెప్పు పెట్టి తీయండి, కొలత తెలుస్తుంది. గుద్దుకున్న చోట బండి అడుగున పట్టిన మట్టి రాలుతుంది, గాజు పెంకులైతే ఎగిరి ఎక్కడో పడతాయి కాబట్టి మట్టినే ఎక్కువ నమ్మాలి. ధాన్యం మీద జారితే సరైన గీతే పడదు, గింజలు టైరు కింద పూసల్లా దొర్లుతాయి, అలాంటప్పుడు ఆ ధాన్యాన్నీ రాళ్లనే ఫొటో తీయాలి, తెల్లారేసరికి అక్కడ ఒక్క గింజ కనపడదు.

ఇక వెనక లైటు. "వెలుగుతూనే ఉందండీ" అంటారు ఎవరైనా. పాతరకం బల్బైతే నిజం అదే చెబుతుంది. వెలుగుతుండగా గట్టి దెబ్బ తగిలితే లోపలి తీగ వేడికి మెత్తబడి ఉంటుంది కనుక సాగి వంకరపోతుంది, ఆరి ఉంటే అలా సాగదు, తెగితే పుటుక్కున తెగుతుంది. ఆ తీగ ఆనవాలు చెడిపోకూడదు, అందుకే స్విచ్ వేసి చూస్తామంటే ఒప్పుకోకండి. ఎల్ఈడీలకి ఇది పనికిరాదు. మా కేసులో అసలు బల్బే లేదు, హోల్డర్లో సాలెగూడు ఉంది. ఫొటో తీశా. తెల్లారి చూస్తే అదే ట్రక్కు వెనకాల కొత్త ఎర్ర స్టిక్కర్లు తళతళలాడుతున్నాయి!

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే టైమూ లొకేషనూ పోతాయి, అసలువి ఫోన్లోనే ఉంచుకోండి. ట్రాక్టరు నంబరు ప్లేటూ ట్రక్కు ప్లేటూ విడివిడిగా తీసి, ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి ఇన్సూరెన్స్ ఉందో లేదో అక్కడే చూడండి.

ఫిర్యాదులో లైటు లేదనీ, లోడు ట్రక్కు దాటి ఎంత బయటికొచ్చిందో, రోడ్డు ఎంత మిగిలిందో రాయండి. 48 గంటల్లో పోలీసులు తొలి నివేదిక ట్రిబ్యునల్‌కి (ప్రమాద పరిహారం తేల్చే కోర్టుకి) పంపాలి, బండిని ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) తనిఖీ చేస్తాడు, ఆ రిపోర్టు కాపీ వదలకండి.

రాజీ కాగితం మీద ఆరోజు సంతకం వద్దు. ఎందుకో లెక్క చూడండి. 38 ఏళ్ల మనిషి, నెలకి 15,000 సంపాదన, సంపాదించే శక్తి 20 శాతం శాశ్వతంగా తగ్గిందనుకుందాం. ఏడాది సంపాదనని ఎంతతో గుణించాలో చెప్పే గుణకం, ఆ వయసుకి సుప్రీంకోర్టు పెట్టింది 15. అంటే 15,000ని 12తో, 15తో గుణించి అందులో 20 శాతం తీస్తే 5,40,000, ఆసుపత్రి ఖర్చులు వేరే. వెనకనుంచి గుద్దారు కాబట్టి మీ తప్పూ కొంత ఉందంటే ఆ మేరకు కోస్తారు, అంతేగాని అందుకని మొత్తం ఎగ్గొట్టరు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలని 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టం, అది మాత్రం మర్చిపోవద్దు. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరుండే ఊరి పరిధిలోని ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు.

మా నోటీసు అందుకున్న ఓనరు మూడేళ్ల కిందటే ట్రాక్టర్ అమ్మేశానని లబోదిబోమంటూ వచ్చాడు, పేరు మాత్రం మార్పించలేదు. ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చేసింది. మీరు అమ్మేసిన పాత బండి ఇప్పుడెవరి పేరున ఉందో ఓసారి చూసుకోండి మరి.