తొలకరికి ముందే కోళ్ల దొడ్డిలో చెక్కపేళ్లు పరచండి

పెరట్లో పదో పదిహేనో కోళ్లు పెంచుకునేవారికి వానాకాలం మొదటి నెల గడ్డుకాలం. వేసవంతా గట్టిగా ఉన్న దొడ్డి నాలుగు వానలు పడేసరికి రెట్ట కలిసిన బురద అవుతుంది. కోళ్లు ఆ బురదనే గీకుతాయి, అందులోని గింజలే ఏరుకుంటాయి, గుంటల్లో నిలిచిన నీళ్లే తాగుతాయి. రక్త పారుడు తెచ్చే కాక్సిడియా క్రిమి రెట్టతో బయటపడగానే హాని చేయదు. తేమ, వెచ్చదనం, గాలి మూడూ అందితే ఒకటి రెండు రోజుల్లో రోగం తెచ్చే స్థితికి చేరుతుంది. తొలకరి దొడ్డిలో ఈ మూడింటికీ కొదవ ఉండదు. వీటిలో మన చేతిలో ఉన్నది తేమ ఒక్కటే. మందుల కంటే ముందు నేల సంగతి చూడమని నన్ను అడిగిన వారందరికీ చెప్పేది అందుకే.

మనకు అలవాటైన పరుపు వరి ఊక. కప్పు ఉన్న గూట్లో దానికి మించినది లేదు: చవక, త్వరగా ఆరుతుంది. అయితే వాన నేరుగా పడే ఆరుబయట అది నిలవదు, నీటితోపాటు కొట్టుకుపోతుంది. రంపపు పొట్టు నీళ్లు పీల్చుకుని ముద్దకడుతుంది. చెరకు పిప్పి, వేరుశనగ పొట్టు తడిస్తే త్వరగా బూజు పడతాయి. ఆరుబయటకు కావలసినది ముతక సరుకు, అంటే చెక్కపేళ్లు. ముక్కల సందుల్లోంచి వాన నీరు కిందికి దిగిపోతుంది, రెట్ట కూడా దానితోపాటు దిగి అడుగున మెల్లగా మాగుతుంది. కోడి కాలు పెట్టే పైపొర తెరిపి ఇవ్వగానే ఆరుతుంది.

వీటి కోసం మొదట వెతకవలసిన చోటు కోత మిల్లు, కలప అడితి. సరుగుడు, సుబాబుల్, తుమ్మ, మామిడి కోసే చోట పేళ్లు, చిన్న తునకలు మిగులుతాయి. జామాయిల్ ముక్కలకు ఘాటైన నూనె వాసన ఉంటుంది, అది తగ్గేదాకా కొన్ని వారాలు బయట ఆరబెట్టి వాడండి. వానలకు ముందు కరెంటు తీగలకు అడ్డం వచ్చే కొమ్మలు కొట్టి రోడ్డు పక్కన పడేస్తుంటారు. అడిగి తెచ్చుకుని, ఆకు దూసేసి, కత్తితో ముక్కలు చేసుకోవచ్చు. ఆకు వదిలేస్తే అదే ముందు కుళ్లుతుంది. కంది కట్టె ముక్కలూ పనికొస్తాయి. పత్తి కట్టె మాత్రం నేను వాడనివ్వను, దాని మీద పడిన పురుగుమందులు అన్నీ ఇన్నీ కావు.

మిల్లులో సరుకు చూపించగానే బస్తాల్లోకి ఎత్తించకండి. ఏ చెక్క కోశారో అడగండి. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) తునకల్లో జిగురు రసాయనాలు ఉంటాయి. చెదల మందు పట్టించిన కలపలో ఆర్సెనిక్ కూడా ఉండవచ్చు. పాత తలుపుల చెక్క మీద సీసం కలిసిన రంగు ఉండే ప్రమాదముంది. ఇవి ఉచితంగా ఇచ్చినా వద్దు. గన్నేరు, పచ్చగన్నేరు కొమ్మ ఒక్కటి కూడా కలవకూడదు, రెండూ విషమే. చర్మాన్ని కాల్చే నూనె ఉండే జీడిపిక్కల పెంకును కూడా దూరం పెట్టండి. బెరడు ఎక్కువగా ఉన్న కుప్పకు బూజు త్వరగా పడుతుంది కాబట్టి లోపలి చెక్క ఎక్కువ ఉన్నదే తీసుకోండి.

కుప్పలో చెయ్యి పెట్టి చూడండి. లోపల వేడిగా ఉన్నా, ముక్కిన వాసన కొట్టినా, తెల్లటి పొడి లేచినా అది బూజు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరి ముఖ్యంగా కోడిపిల్లల ప్రాణం తీస్తుంది, తిరగేసే మనిషికీ మంచిది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా పాత కుప్ప కదపకండి.

ముక్క బొటనవేలంత ఉంటే చాలు. సూదుల్లాంటి చీలికలు ఏరేయాలి. అవి పాదంలో గుచ్చుకుంటే అడుగున చీముగడ్డ కట్టి కోడి కుంటుతుంది. పాత అయస్కాంతం ఒకటి కుప్పలో తిప్పండి, మేకులు బయటపడతాయి. మెరిసేది ఏది కనిపించినా కోడి మింగుతుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ కాస్తుంది. ఆ ఎండను వదులుకోకుండా పేళ్లను పలచగా పరిచి ఆరబెట్టండి. ఆ రోజుల్లోనే దొడ్డి పైమట్టిని రెండంగుళాలు చెక్కి తీసేసి, నీరు ఒక పక్కకు పారేలా వాలు చేసి, చుట్టూ చిన్న కాలువ తవ్వండి. పొడి నేల మీద సున్నం పొడి చల్లి, కోళ్లను కొన్నాళ్లు వేరే చోట ఉంచండి. తడి రెట్ట మీద సున్నం చల్లే అలవాటు చాలామందికి ఉంది, దయచేసి మానుకోండి. దాంతో అమ్మోనియా ఇంకా ఎక్కువగా లేచి కోళ్ల కళ్లు మండుతాయి.

పేళ్లను అర అడుగు మందంలో పరచాలి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న దొడ్డికి యాభై ఘనపుటడుగుల సరుకు పడుతుంది. రెండంగుళాలు పరిచి సరిపెట్టుకుంటే మొదటి ముసురుకే బురద పైకి తేలుతుంది, డబ్బు వృథా. అంచున ఇటుకలు పేరిస్తే పేళ్లు జారిపోవు. ఇంటి గోడకు, చెక్క గుంజలకు ఆనించి పరచకండి, చెదలు పడతాయి. దొడ్డిలో చెదలు కనిపిస్తే కోళ్లే తినేస్తాయి. మందు కొట్టారా, మందు తాకిన పురుగును తిని కోడి చస్తుంది. మిగిలిన పేళ్లను మూల కుప్పగా వదిలితే ఎలుకలు చేరతాయి, వాటి వెంట పాములు వస్తాయి. బస్తాల్లో కట్టి ఎత్తు మీద పెట్టండి.

కోళ్ల ఫారాల నుంచి వాడేసిన ఊక ఊరికే ఇస్తామంటే తెచ్చుకోకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఒక చోటి రోగం మరో చోటికి చేరే దారుల్లో పాత పరుపు ఒకటి. బూట్లు, బస్తాలు కూడా అంతే.

నెల లోపు పిల్లలను పేళ్ల మీద వదలవద్దు. మొదటి కొన్ని రోజులు కాగితం, తర్వాత పొడి ఊక చాలు. పెద్ద కోళ్లకు గుప్పెడు గింజలు పేళ్ల మీద చల్లితే అవే గీకి తిరగేస్తాయి, మీకు పని తగ్గుతుంది. నీళ్ల గిన్నె కింద మాత్రం కంకర పోసి ఇటుక పెట్టండి, ఎప్పుడూ తడిగా ఉండేది అక్కడే. ముక్కుకు ఘాటు తగిలిన చోట తీసి కొత్తవి వేయండి. కొక్కెర తెగులు టీకా, నట్టల మందు కూడా వానలకు ముందే పశువైద్యుణ్ని అడిగి వేయించండి. ఇంత చేసినా ఒక కోడి రెక్కలు వేలాడేసి మూలన నిలబడినా, రెట్టలో నెత్తురు కనిపించినా దాన్ని వెంటనే విడదీసి అదే రోజు డాక్టరుకు చూపించాలి.

వానలు వెనకబట్టాక అడుగున నల్లగా మాగినదాన్ని తవ్వి ఎరువు గుంటలో వేసుకోండి. గుంటలో బాగా మాగకముందు ఆకుకూరల మడికి వేయకండి.