ఇందిరమ్మ ఇంటికి ముగ్గు ఎలా పోయించుకోవాలి?

తెలంగాణ ప్రభుత్వ ఇందిరమ్మ ఇళ్ల పథకంలో మంజూరు పత్రం చేతికి రాగానే మేస్త్రీ ఇంటికి పరుగెత్తకండి. నల్గొండ జిల్లాలో నాలుగైదు ఊళ్లలో తెలిసినవాళ్లకు దగ్గరుండి ముగ్గు, అంటే కట్టబోయే ఇంటి హద్దు గీతలు, పోయించాను. మొదటి బిల్లు, అంటే మొదటి విడత డబ్బు, పడక నెలల తరబడి పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లను అంతకంటే ఎక్కువ మందిని చూశాను. వాళ్లలో చాలామంది తప్పు చేసింది మొదటి రోజే.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. ఆధార్, రేషన్ కార్డు, జాగ కాగితం, పాస్‌బుక్ ఒక కవర్లో పెట్టుకోండి. జాగ ఉండి ఇల్లు లేనివాళ్ల పేర్లు ఎల్-1 జాబితాలో ఉంటాయి. గ్రామసభలో జాబితా చదువుతున్నప్పుడు మీ పేరు, ఇంటిపేరు సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఇల్లు ఆడమనిషి పేరు మీద మంజూరవుతుంది కాబట్టి ఆమె ఖాతాకే ఆధార్ లింక్ ఉండాలి. రెండు ఖాతాలుంటే చివరగా లింక్ చేసిన దాంట్లో డబ్బు పడుతుంది. ఎప్పుడో సంఘం లోన్ కోసం తెరిచి మరిచిపోయిన ఖాతాలో పడితే టెన్షన్ మీకే. బ్యాంకుకు వెళ్లి ఏ ఖాతా లింక్ అయిందో అడిగి రండి.

ఇక అసలు పని ముగ్గు. పంచాయతీ కార్యదర్శి వచ్చి, ఖాళీ జాగలో ముగ్గు పోసి, ఇంటామెను అందులో నిలబెట్టి ఇందిరమ్మ ఇళ్ల యాప్‌లో ఫోటో తీసేదాకా గడ్డపార భూమికి తగలకూడదు. ఒక్క గుంత కూడా వద్దు. ఆ ఫోటోతోపాటు జాగ ఎక్కడుందో కూడా యాప్‌లో నమోదవుతుంది. తర్వాత బేస్‌మెంట్, గోడలు, స్లాబ్, పూర్తయిన ఇల్లు, అన్ని ఫోటోలూ ఆ చోటు నుంచే రావాలి. కేంద్రం 2016లో మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లోనూ ఇదే పద్ధతి. అక్కడ మైదాన ప్రాంతంలో ఇంటికి 1.20 లక్షలు. మన దగ్గర 5 లక్షలు, నాలుగు విడతలు. డబ్బు ఎంతైనా అది కదిలేది ఫోటోతోనే.

మా పక్క ఊరిలో ఒకామె మంచిరోజు దాటిపోతుందని కార్యదర్శి రాకముందే పిల్లర్ గుంతలు తీయించింది. ఫోటోలో తవ్విన మట్టి కుప్పలు పడ్డాయి. ఇది మంజూరుకు ముందే మొదలుపెట్టిన ఇల్లా అన్న ప్రశ్న వచ్చింది. కాదని తేల్చడానికి ఎన్ని తిరుగుళ్లు తిరిగిందో నేను కళ్లారా చూశాను. ముహూర్తం కావాలంటే కొబ్బరికాయ కొట్టండి, పసుపు కుంకుమ పెట్టండి. గుంత మాత్రం తీయకండి. పాత గుడిసె తీసేసి అదే చోట కడుతున్నారా? గుడిసె ముందు నిలబడి ఒక ఫోటో తీయించుకున్నాకే దాన్ని తీయండి. ఎప్పుడో వేసి వదిలేసిన పునాది మీద మాత్రం అసలు కట్టొద్దు.

ముగ్గు పొద్దున పదిలోపు పోయించాలి. సున్నంతోనే పోయాలి. కొందరు బియ్యప్పిండితో పోస్తారు, గాలికి లేచిపోతుంది, ఫోటోలో గీత కనబడదు.

ఇప్పుడు కొలత. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. మేస్త్రీలు లోపలి కొలత చెప్తారు, లెక్కకు వచ్చేది బయటి కొలత. లోపల 20×30 అనుకుంటే, తొమ్మిదంగుళాల గోడలు చుట్టూ కలిపి బయటికి ఇరవై ఒకటిన్నర, ముప్పై ఒకటిన్నర అవుతుంది. అంటే 677 అడుగులు. బేస్‌మెంట్ లేచాక ఈ సంగతి తెలిస్తే ఏం చేస్తారు? రాయి కొట్టేయాలి, లేదా బిల్లు వదులుకోవాలి. నేనైతే బయటికి 20×27 కంటే ఎక్కువ పోయనివ్వను. 540 అడుగులు, ఒక కుటుంబానికి చాలు. టేపు మీరే పట్టుకోండి. నాలుగు వైపులా కొలిచాక మూల నుంచి మూలకు కూడా కొలవండి. రెండు మూలల కొలతలు ఒక్కటి కాకపోతే ఇల్లు వంకర.

కొందరు మొత్తం పని గుత్తకు ఇచ్చేస్తారు. నాకది నచ్చదు. ఇంతకుముందు ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డబుల్ బెడ్‌రూం ఇళ్లు 560 అడుగుల్లో కాంట్రాక్టర్లు కట్టారు, ఉండేవాళ్లకు తాళం చేతికొచ్చేదాకా లోపల ఏముందో తెలియదు. ఇది మీ ఇల్లు. సలాక ఎంత వేశారో, సిమెంటు ఎంత కలిపారో రోజూ చూడాల్సింది మీరే. ఊరి మేస్త్రీనే పెట్టుకోండి, రేపు గోడ పగిలితే పిలవడానికి మనిషి ఉంటాడు.

బేస్‌మెంట్ లేచి మట్టి నింపాక మళ్లీ కార్యదర్శిని పిలవండి. ఫోటోలో నాలుగు మూలలూ కనబడాలి, ఇంటామె ఉండాలి. ఇది సరిగ్గా ఎక్కితే మొదటి లక్ష వస్తుంది. ఆ తర్వాత గోడలు, స్లాబ్ మేస్త్రీకి తెలిసిన పనే. స్లాబ్‌కు నీళ్లు మాత్రం ఇరవై ఒక్క రోజులు కట్టండి, ఎండాకాలమైతే పొద్దునా సాయంత్రమూ. ఒక్కో దశ ఫోటో యాప్‌లో ఎక్కిందని కార్యదర్శి ఫోన్‌లో మీ కళ్లతో చూశాకే తర్వాతి దశకు సామాను తెప్పించుకోండి.