పైగది మూలలో చెమ్మ: తూము, సన్‌షేడ్, పిట్టగోడ సమస్యలు - పరిష్కారాలు

ఇటుక గోడల మీద ఆర్‌సీసీ స్లాబు, చుట్టూ మూడడుగుల పిట్టగోడ, కిటికీల మీద సన్‌షేడ్లు ఉన్న మామూలు డాబా ఇళ్ళకు ఇది పనికొస్తుంది. పై అంతస్తు గది మూలలో చెమ్మ కనబడగానే అందరి అనుమానం స్లాబు మీదికే పోతుంది. డాబా అంతా కడిగించి రెండు కోట్లు వాటర్‌ప్రూఫింగ్ కొట్టిస్తారు. తర్వాతి వానకు మళ్ళీ అదే మూల తడుస్తుంది. చెమ్మ గది నడిమధ్యన లేకుండా గోడ వెంబడీ మూలల్లోనూ మాత్రమే ఉంటే, డాబా నేల జోలికి పోకముందు అంచులు చూడాలి.

ఎప్పుడు తడుస్తోంది?

చెమ్మ ఎక్కడుందన్న దానికంటే ఎప్పుడు వస్తోందన్నదే కారణాన్ని బాగా పట్టిస్తుంది. రెండు వానలు ఓపిక పట్టి, వాన ఎప్పుడు మొదలైందో, గోడ ఎప్పుడు తడిసిందో రాసి పెట్టుకోండి.

- వాన మొదలైన అరగంటలోపే చుక్కలు పడుతున్నాయంటే తూము చుట్టూ సందు ఉంది, లేదా డాబా మీద నీళ్ళు నిలుస్తున్నాయి.
- వాన వెలిసిన మర్నాడు మొదలై రెండు మూడు రోజులు సాగుతోందంటే ముందుగా పిట్టగోడనే అనుమానించండి. ఇటుక నీళ్ళు తాగి, నింపాదిగా కిందికి వదులుతుంది.
- నిలువుగా పడే వానకు రాకుండా, గాలితో జల్లు కొట్టినప్పుడే ఒక దిక్కు గోడకు వస్తోందంటే పిట్టగోడ బయటి ముఖమో, సన్‌షేడ్ గోడను కలిసే చోటో చూడాలి. కోస్తాలో తుఫాను జల్లుల తర్వాత బయటపడేవి ఎక్కువగా ఇవే.
- వానతో నిమిత్తం లేకుండా చెమ్మ ఉందంటే ఓవర్‌హెడ్ ట్యాంకు పైపులు చూడండి. ఈ వ్యాసంతో దానికి పని లేదు.

నీళ్ళు నిలుస్తున్నాయి, తూము దగ్గర కారుతోంది

మేస్త్రీని పిలిచి, ఎస్టిమేటు రాయించి, అడ్వాన్సు ఇచ్చాక కూడా తూము మూతి మీది జాలీ ఎత్తి చూడని ఇళ్ళు ఎన్నో. దయచేసి ముందు ఈ పని చేయండి. వేపాకు, పావురాల ఈకలు, ఒక పాలిథిన్ కవరు చాలు, తూము మూసుకుపోతుంది. చెత్త ఏరేశాక 20 లీటర్ల బకెట్టు నీళ్ళు ఒక్కసారి కుమ్మరించండి. గలగలా దిగిపోవాలి. కొంచెం దిగి ఆగిపోతే అడ్డం కింది బెండులో ఉంది. పైనుంచి కడ్డీ పెట్టి పొడిస్తే చెత్త ఇంకా బిగుసుకుంటుంది కాబట్టి కింది బెండు విప్పి లాగాలి.

పైపు శుభ్రంగానే ఉన్నా పెద్ద వానకు డాబా చెరువు అవుతోందా? అయితే సైజు లెక్క చూసుకోండి. గంటకు 100 మి.మీ. కురిసే వానకు 4 అంగుళాల పైపు దాదాపు 450 చదరపు అడుగుల డాబాను మోయగలదు. 3 అంగుళాలదైతే 220 చదరపు అడుగులే. అంటే 1,200 చదరపు అడుగుల డాబాకు 4 అంగుళాలవి మూడు కావాలి. రెండు 3 అంగుళాల పైపులతో సరిపెట్టిన చోట ఏ కోటింగూ ఆదుకోదు. నేల వాటం పది అడుగులకు ఒకటింబావు అంగుళం ఉండాలి. వాన వెలిసిన గంటకు ఇంకా నీళ్ళున్న చోట్ల చుట్టూ సుద్దతో గీత గీసి పెట్టుకుంటే, ఎక్కడ వాటం సరిచేయాలో మేస్త్రీకి చూపించడం తేలిక.

పైపు చుట్టూ కారడానికి కారణం ఒకటే. పీవీసీకి సిమెంటు పట్టదు. కొన్ని ఎండాకాలాలు గడిచేసరికి రెంటికీ మధ్య దారం మందాన సందు పడుతుంది. దాని మీద తెల్ల సిమెంటు పూస్తే ఒక వానకు ఆగుతుంది, అంతే. పైపు చుట్టూ రెండు అంగుళాల వెడల్పున చెక్కి, బయటపడిన పీవీసీని గరుకు కాగితంతో రుద్ది, పీవీసీ గమ్ము పూసి, అది ఆరకముందే దాని మీద పొడి ఇసుక చల్లండి. ఆ గరుకును సిమెంటు పట్టుకుంటుంది. ఆరాక కుంచించుకుపోని గ్రౌట్‌తో (సందుల్లోకి పారే పల్చటి సిమెంటు మాలు) నింపాలి. తూము ముందు ఒకటిన్నర అడుగుల చదరాన నేలను కాస్త పల్లంగా తీయించండి.

కిటికీ పైన చెమ్మ, సన్‌షేడ్ కింద పెచ్చులు

సన్‌షేడ్ ముందు అంచు అడుగున వేలు పెట్టి తడమండి. అర అంగుళం డ్రిప్ గాడి తగలాలి. అది లేకపోతే నీటి చుక్క అంచు నుంచి కింద పడకుండా అడుగు వెంబడి పాకుతూ గోడను చేరి, కిటికీ ఫ్రేము మీదికి దిగుతుంది. ముందు అంచుకు అంగుళంన్నర లోపలగా కటింగ్ మెషిన్‌తో రెండు సమాంతర గీతలు కోసి మధ్యది చెక్కేస్తే గాడి సిద్ధం. ఇనుము తగిలేంత లోతుకు పోవద్దు. గాడిని గోడదాకా లాక్కెళ్ళకుండా రెండు అంగుళాల ముందే ఆపండి, లేకపోతే అదే నీళ్ళను గోడకు చేరుస్తుంది.

కింద పెచ్చులూడి తుప్పు ఊచలు కనిపిస్తుంటే పైన ప్లాస్టరు మెత్తేయకండి. తుప్పు ఉబ్బి ఆ ప్లాస్టరును కూడా తోసేస్తుంది. ఊచ వెనకదాకా చెక్కి, వైరు బ్రష్‌తో తెల్లగా తోమి, జింకు ప్రైమరు వేసి, పాలిమర్ మాలుతో (పాలిమర్ ద్రవం కలిపిన సిమెంటు మాలు) నింపాలి. సన్‌షేడ్ బరువును మోసే ఊచలు పైభాగంలో ఉంటాయి. కాబట్టి పైన, గోడ పక్కనే పొడవునా బీట ఉండి ముందు అంచు కిందికి వాలితే దాని మీదికి ఎవరూ ఎక్కకూడదు, కింద ఎవరూ నిలబడకూడదు. అది ఇంజనీరుకు చూపించాల్సిన సంగతి.

నీళ్ళు నిలబెట్టి చూస్తే కారలేదు, వానకు కారుతోంది

ఎక్కువ డబ్బు దండగ చేయించేది ఇదే. తూములు మూసి రెండు అంగుళాల నీళ్ళు 48 గంటలు నిలబెట్టడం మంచి పరీక్షే. కానీ అది డాబా నేలనూ, పిట్టగోడ అడుగున రెండు అంగుళాలనూ మాత్రమే పరీక్షిస్తుంది. వాన పిట్టగోడ నెత్తి మీద కూడా పడుతుంది. నిలబెట్టిన నీళ్ళు అక్కడికి ఎప్పటికీ చేరవు. అందుకే పరీక్షలో నెగ్గిన డాబా వానకు ఓడిపోతుంది.

పిట్టగోడ చాలా ఇళ్ళలో నాలుగున్నర అంగుళాల ఇటుక వరస. నెత్తిన ముప్పావు అంగుళం ప్లాస్టరు, దాని మీద రంగు. ఇంట్లో ఇంతగా ఎండకు ఎండి వానకు తడిసే గోడ మరొకటి లేదు. రెండు మూడు వేసవులకు నెత్తి ప్లాస్టరులో వెంట్రుక మందాన నెర్రెలు వస్తాయి. నిలబడి చూస్తే కనబడవు. నీళ్ళు చిలకరించి పది నిమిషాలాగి చూడండి: చుట్టూ ఆరిపోతుంది, నెర్రె మాత్రం నల్ల గీతలా తడిగా మిగులుతుంది.

అలా దిగిన నీళ్ళు ఇటుకల మధ్య మాలులోంచి జారి స్లాబు పైముఖాన్ని చేరతాయి. మీరు కొట్టించిన కోటింగ్ పిట్టగోడ లోపలి ముఖం మీద అడుగు ఎత్తు ఎక్కినా లాభం లేదు, ఎందుకంటే నీళ్ళు దాని వెనకనుంచి దిగుతున్నాయి. పైగా అవి ఇటు బయటికి రాకుండా ఆ కోటింగే అడ్డం నిలుస్తుంది. చివరికి వాటికి స్లాబుకూ పిట్టగోడకూ మధ్య అతుకు దొరుకుతుంది.

ఆ అతుకు తెరుచుకునే ఉంటుంది. వేడికి కాంక్రీటు ఇటుకకంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. 30 అడుగుల స్లాబు 30 డిగ్రీల తేడాకు రెండున్నర మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది, చల్లబడితే అంతా తగ్గుతుంది. పైన కూర్చున్న ఇటుక గోడ అంత కదలదు. ఆ కదలికకు అతుకు వెంబడి అడ్డంగా బీట పడుతుంది. బయటినుంచి స్లాబు మట్టాన ఇంటి చుట్టూ గీత గీసినట్టు కనబడేది అదే. దాని కింద రంగు పొక్కులు, తెల్లటి ఉప్పు కనబడితే నీళ్ళు అక్కడిదాకా వచ్చాయని అర్థం. నీళ్ళు అతుకు వెంబడి పక్కలకు పాకి ఎక్కడో దూరంగా దిగుతాయి. అందుకే చెమ్మ మూల నైరుతిలో ఉంటే, పిట్టగోడ నెత్తి మీది అసలు బీట పది అడుగులు పక్కన ఉండొచ్చు.

నెత్తి మీద కొట్టిన బోల్టులు దీనికి తోడు. డిష్ యాంటెన్నా, రెయిలింగు కాలి ప్లేట్లు, బట్టల తీగ కొక్కేలు, ప్రతి రంధ్రమూ గోడలోకి ఒక దారి. వీటిని లోపలి ముఖం మీద బిగించుకోవచ్చు. తప్పనిసరై నెత్తిన బిగిస్తే రంధ్రంలో సీలెంటు నింపాకే బోల్టు తిప్పండి.

*రుజువు చేసుకోవడం.* సుత్తి పిడితో పిట్టగోడంతా తట్టుతూ వెళ్ళండి. డొల్ల శబ్దం వచ్చిన చోట ప్లాస్టరు ఇటుకను వదిలేసింది. తర్వాత నీళ్ళ పైపుతో కిందినుంచి పైకి తడపాలి. మొదటి రోజు అతుకు ఒక్కటే, అరగంట. మర్నాడు లోపలి ముఖం. మూడో రోజు నెత్తి. ఒక రోజు ఎడం ఇవ్వకపోతే ఏ నీళ్ళు దిగాయో తేలదు. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి పరీక్ష పాడవుతుంది. లోపల ఒకరు టార్చితో గోడ చూస్తూ ఉండాలి. చెమ్మ కొన్ని గంటల తర్వాత కూడా రావొచ్చు.

*బాగుచేయడం.* నెత్తి ముందు, అతుకు తర్వాత. అతుకు ఒక్కటే మూస్తే గోడలో చేరిన నీళ్ళు మరో చోటు వెతుక్కుంటాయి.

నెత్తి ప్లాస్టరు మొత్తం తీసేయండి, రెండు పక్కలా నాలుగేసి అంగుళాలు కూడా. పై వరస ఇటుక కదులుతుంటే 1:4 మాలుతో (సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగు) మళ్ళీ కట్టించండి. ఇటుకలు కడిగి, తడిపి, దాని మీద కోపింగ్, అంటే గోడ నెత్తికి టోపీలా ఉండే కాంక్రీటు, పోయాలి. సిమెంటు, ఇసుక, చిప్స్ పాళ్ళు 1:2:4. చిప్స్ అంటే బేబీ చిప్స్, సన్న కంకర. వెడల్పు 10 అంగుళాలు, అంటే గోడకు రెండు పక్కలా రెండేసి అంగుళాలు బయటికి రావాలి. మందం బయటి వైపు మూడు, లోపలి వైపు రెండు అంగుళాలు, వాలు డాబా లోపలికి. బయటికి వాలితే నీళ్ళు బయటి గోడ మీద మరకలు పెడుతూ కారతాయి. బయటికొచ్చిన రెండు అంచుల అడుగునా డ్రిప్ గాడి కావాలి, లేకపోతే ఆ రెండు అంగుళాలూ ఉండీ లాభం లేదు. రెండు 8 మి.మీ. ఊచలు పొడవునా వేసి, పది అడుగులకొక అతుకు వదిలి, అక్కడ ఊచలు కూడా తెంపి, ఆ అతుకును పాలీయురేథేన్ సీలెంటుతో నింపాలి. 100 అడుగుల పిట్టగోడకు మూడున్నర బస్తాల సిమెంటు, 8 ఘనపుటడుగుల ఇసుక, 16 ఘనపుటడుగుల చిప్స్ పడతాయి. వాటర్‌ప్రూఫింగ్ ద్రవం డబ్బా మీద రాసినంతే కలపండి, సాధారణంగా బస్తాకు 200 మి.లీ. తడి గోనె సంచులు కప్పి కనీసం ఏడు రోజులు క్యూరింగ్. బయటి వైపు పనికి పరంజా కట్టించండి, పిట్టగోడ మీదనుంచి వంగి చేయించొద్దు.

కడప రాయో గ్రానైటో పరిచినా మంచిదే. రాయిలోంచి నీళ్ళు దిగవు కానీ రెండు మూడడుగులకొక అతుకు ఉంటుంది, అన్నీ సీలెంటుతో మూయాలి. తెల్ల సిమెంటు అక్కడ ఒక్క వేసవి కూడా నిలవదు.

ఇక స్లాబు అతుకు. పాత గోలా (గోడా నేలా కలిసే మూలలో గుండ్రంగా తీర్చిన మాలు) చెక్కేసి, అతుకు వెంబడి 10 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. లోతు గాడి కోసి, దుమ్ము ఊదేసి, పొడిగా ఉన్నప్పుడు పాలీయురేథేన్ సీలెంటు నింపండి. 600 మి.లీ. ప్యాకెట్టు 20 అడుగులకు వస్తుంది. ఈ అతుకు ప్రతి వేసవీ కదులుతుంది కాబట్టి ఇక్కడ ఒట్టి సిమెంటు మాలు పనికిరాదు, సాగే పదార్థమే కావాలి. దాని మీద పాలిమర్ మాలుతో మూడంగుళాల గోలా. అది ఆరాక రెండడుగుల వెడల్పు ఫైబర్ మెష్‌ను సగం గోడ మీద, సగం నేల మీద పరిచి, కింద ఒక కోటు, పైన ఒకదానికొకటి అడ్డంగా రెండు కోట్లు వాటర్‌ప్రూఫింగ్ వేయాలి. బయటి గీతకు ప్లాస్టరు తీసి, పైకి ఆరు, కిందికి ఆరు అంగుళాలు వచ్చేలా చికెన్ మెష్ బిగించి మళ్ళీ ప్లాస్టరు చేయించండి.

పిట్టగోడలో రావి మొక్క ఉంటే పని మొదలుపెట్టకముందే వేరు మొత్తం చెక్కి తీయాలి. ఆకులు తుంపితే మళ్ళీ వస్తుంది. ఉప్పు పోసి చంపాలని చూడకండి, కింద ఇనుము తుప్పు పడుతుంది.

అరుదైనవి

స్లాబు కాంక్రీటులోనే బొంతలు (కంకర మధ్య మాలు చేరని బొక్కలు) ఉండటం జరగొచ్చు. అప్పుడు నిలబెట్టిన నీళ్ళకే కారుతుంది, దానికి గ్రౌట్ ఇంజక్షన్ కావాలి. పక్కింటి గోడ ఆనుకుని ఉంటే రెంటి మధ్య సందు మీద రేకు మూత వేయించండి. శీతాకాలం తెల్లవారుజామున మాత్రమే కనబడే తడి గదిలో గాలి ఆడక పట్టే చెమట, కిటికీ తీస్తే పోతుంది.

ఎప్పుడు చేయించాలి

ఫిబ్రవరి నుంచి మే దాకా, గోడలు పొడిగా ఉన్నప్పుడు. కోటింగ్ ఉదయం ఎండ ముదరకముందో, సాయంత్రమో వేయించండి. మధ్యాహ్నపు స్లాబు మీద వేస్తే పట్టకముందే ఆరిపోతుంది. క్యూరింగ్ అయ్యాక నెత్తి మీద గంటసేపు నీళ్ళు వదిలి మూడు రోజులు లోపలి గోడ చూడండి. పొడిగా ఉంటే పొక్కిన పుట్టీ అంతా గోకేసి, ఉప్పు బ్రష్‌తో దులిపి, కనీసం మూడు వారాలు గాలికి వదిలేయండి. రంగు ఆ తర్వాతే.