సైన్స్ ఫిక్షన్ చదివే పద్ధతి – మూడో పాఠం: ఇది ఎవరికి కావలసి వచ్చింది?

కిందటి పాఠంలో నవలలో కనిపించే కొత్త యంత్రాల కింద పెన్సిలుతో గీత పెట్టమన్నాను. ఆ పుస్తకమే మళ్లీ తియ్యండి. ఈసారి ప్రతి గీత పక్కనా ఒక పాత్ర పేరు రాయాలి. ఆ యంత్రం ఎవరికి కావలసి వచ్చిందో వాళ్ల పేరు. ఎంత వెతికినా పేరు దొరక్కపోతే అది అలంకారమే, దాటిపొండి.

జూల్ వెర్న్ 1865లో రాసిన చంద్రయాత్ర నవల చూద్దాం. ముగ్గురు మనుషులు ఫ్లోరిడా నుంచి బయల్దేరతారు. 1969లో అపోలో 11 కూడా ముగ్గురితో ఫ్లోరిడా నుంచే లేచింది. ఈ నవలను మెచ్చుకునేవాళ్లు ముందు ఇదే చెబుతారు. నాకైతే ఇందులో అంత గొప్ప కనబడదు. వెర్న్ వాళ్లని ఫిరంగిలో పెట్టి పేల్చాడు. నిజంగా అలా పేలిస్తే ఆ అదురుకే ప్రాణాలు పోతాయి.

ఇప్పుడు పేరు రాయండి: బార్బికేన్. ఫిరంగులు చేసేవాళ్ల సంఘానికి అధ్యక్షుడు. అమెరికాలో అంతర్యుద్ధం ముగిసింది, సంఘంలో ఎవరికీ పని లేదు. చంద్రుడి ఆలోచన ఆ ఖాళీలోంచి పుట్టింది. అపోలోను మోసిన శాటర్న్ 5 రాకెట్ తయారీకి పెద్దగా నిలిచిన వెర్నర్ ఫాన్ బ్రౌన్, అంతకు ముందు జర్మనీ సైన్యానికి వీ-2 క్షిపణులు చేసినవాడు. ఆయుధాలు చేసినవాళ్లే చంద్రుడి మీద కన్నేస్తారన్నది వెర్న్ పసిగట్టిన అసలు సంగతి. అది ఫిరంగి లెక్కల్లో లేదు, బార్బికేన్ మనసులో ఉంది.

రెండో ఉదాహరణ నవల కాదు, పెద్దకథ. ఇ.ఎం. ఫార్‌స్టర్ 1909లో రాసిన ‘ద మెషీన్ స్టాప్స్’. మనుషులంతా భూమి లోపల, ఒక్కొక్కరు ఒక్కో గదిలో. వష్టి అనే తల్లి చేతిలో గుండ్రటి పళ్లెం వెలుగుతుంది, అందులో భూమికి ఆవలి వైపున్న కొడుకు కునో కనిపిస్తాడు. వీడియో కాల్ అని గీత పెట్టి ముందుకెళ్లిపోకండి. వాడి ముఖం దిగులుగా ఉన్నట్టు ఆమెకు తోస్తుంది, కానీ తేల్చుకోలేదు. ముఖంలోని సన్నని మార్పుల్ని యంత్రం పంపదు. స్వయంగా రమ్మంటాడు కొడుకు. కనబడుతూనే ఉన్నావు కదా అంటుంది తల్లి.

శ్రీకాకుళంలో ఈ కథ చెప్పినప్పుడు, కొడుకు గుజరాత్‌లోని వేరావల్‌కి చేపల పడవల మీద పనికెళ్లిన ఒకావిడ అంది: “మా గుంటడి మొకం అగుపడతాది. ఒళ్లు కాల్తందో నేదో ఎలా తెలస్తాది?” కథలో పళ్లెంతో తృప్తిపడింది తల్లి, చాలదన్నది కొడుకు. ఇక్కడ చాలదన్నది తల్లే. ఇలాంటి తేడా తగిలినచోట ఆగి, మార్జిన్‌లో రాసుకోండి. ఎంతో దూరం చూసిన రచయితకు కూడా మన ఇల్లు ఎక్కడ అందలేదో అక్కడే తెలుస్తుంది.

ఇక అభ్యాసం. రే బ్రాడ్‌బరీ 1953 నాటి ‘ఫారెన్‌హీట్ 451’ మొదటి భాగం చాలు. మిల్‌డ్రెడ్ చెవుల్లో చిన్న రేడియోలు పెట్టుకుని పడుకుంటుంది. మూడు గోడల నిండా టీవీలున్నా నాలుగోది కూడా కావాలని భర్త మోంటాగ్‌ని అడుగుతుంది. ఆ నాలుగో గోడ ఆమెకెందుకో, ఆమె మాటల్లోంచే ఆధారం చూపిస్తూ అరపేజీ రాయండి. మోంటాగ్ మీద జాలిపడినంత సులువుగా ఆమె మీద పడలేం. అందుకే ఆమెను ఇచ్చాను.