దళసరి మసిగుడ్డకు కుట్టు కుదిరిన తీరు

పొయ్యి మీది గిన్నెలు దించడానికి పాత నూలు దుప్పటిని మడతలు వేసి మిషన్ మీద మసిగుడ్డ కుడుతుంటే, మధ్యలో సాఫీగా సాగిన కుట్టు అంచుల దగ్గరికి వచ్చేసరికి తప్పిపోవడం, గుడ్డ అడుగున దారం ఉండలు కట్టడం మొదలైంది. అడుగున చిక్కు కనిపిస్తే అందరి చూపూ కింది దారం చుట్టి ఉండే బాబిన్ మీదికే పోతుంది కానీ, లోపం చాలావరకు పైదారంలోనే ఉంటుంది. గుడ్డను అదిమిపట్టే మిషన్ పాదం దించి ఉన్నప్పుడు, పైదారానికి బిగువునిచ్చే టెన్షన్ బిళ్లలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి, ఆ స్థితిలో ఎక్కించిన దారం వాటి నడుమకు దిగక, బిగువు లేకుండా జారి కింద ఉచ్చులుగా పేరుకుంటుంది. పాదం పైకెత్తి దారం మళ్లీ ఎక్కించగానే ఉండలు పోయాయి.

కుట్టు తప్పడానికి కారణం వేరు. పలుచని గుడ్డకు వాడే 11వ నంబరు సూది అన్ని మడతల్లో దిగేటప్పుడు వంగడం వల్ల, దాని దారం కింది కొక్కేనికి అందదు. అందుకే 16వ నంబరు సూది బిగించి, కుట్టు పొడవును 3 మిల్లీమీటర్లకు పెంచాను. గట్టులా లేచిన అంచు మీదికి ఎక్కేచోట పాదం వెనక్కి వాలకుండా, దాని వెనక భాగం కింద అంతే మందంగా మడిచిన గుడ్డముక్క పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ దాటించాను. ఈ ఉపాయం తెలిస్తే సూదులు విరగడం బాగా తగ్గుతుంది.

లోపలి పొరలకు నూలు తప్ప మరేదీ వాడకూడదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే పాలిస్టర్ అధిక వేడికి మెత్తబడి కరుగుతుంది. తడిసిన మసిగుడ్డతో మాత్రం వేడి గిన్నెను ముట్టుకోకండి. పోగుల మధ్య గాలి ఉండే చోట చేరిన నీరు, గాలికంటే 20 రెట్లకు పైగా వేడిని చేరవేస్తుంది.