ఆర్డర్ల నెంబరుకి అర్ధరాత్రి "హాయ్ ఆంటీ" అని వస్తుంటే

ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టేవాళ్ళు, నరసాపురం వైపు లేసు అల్లేవాళ్ళు, బండారులంక చీరలు అమ్మేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఇన్‌స్టాలోనో వాట్సాప్‌లోనో సొంతంగా అమ్ముకుంటున్నారు. కానీ నెంబరు పక్కన ఆడపేరు కనపడిందంటే చాలు, కొంతమందికి అది వ్యాపారం నెంబరని గుర్తుండదు. రాత్రి పదకొండింటికి వీడియో కాల్, "రేకులు సరే, మీ రేటెంత" అని మెసేజీ, చీర రీల్ కింద ఒంటి గురించి కామెంట్లు. ఇంట్లో చెబితే ముందొచ్చే మాట "ఆ పేజీ తీసేయ్". తీసేయకండి. ఎవడో తాగొచ్చి వాగాడని కొట్టు మూసుకుంటామా?

ముందు నెంబర్లు విడదీయండి. ఆర్డర్లది వాట్సాప్ బిజినెస్‌లో పెట్టి, వేళ దాటాక వచ్చే మెసేజీకి దానంతటదే జవాబు వెళ్ళేలా చేసుకోవచ్చు. ప్రైవసీ సెట్టింగుల్లో కాల్స్ దగ్గర తెలియని నెంబర్లు మోగకుండా చేసే ఆప్షన్ ఉంది, రాత్రిపూట అది ఆన్ చేస్తే చాలు, ఎవరు చేశారో లిస్టులో ఉంటుంది కాబట్టి ఆర్డరు ఎక్కడికీ పోదు. డీపీలో సరుకు ఫొటో పెట్టండి. కొందరు మొగుడి ఫొటో పెట్టి, వాయిస్ మెసేజీలు కూడా ఆయన చేతే పెట్టిస్తున్నారు. పనిచేస్తుంది, కాదనను. కానీ పాకం పట్టేది మీరు, పేరు ఆయనది, ఇక డబ్బుల సంగతి వస్తే ప్రతివాడూ "సార్‌కి ఇవ్వండి ఫోను" అంటాడు. నాకైతే ఒళ్ళు మండుతుంది.

ఇన్‌స్టాలో బూతు మాటల జాబితా మనమే ఇచ్చి అవి ఉన్న కామెంట్లు దాచేయొచ్చు. తెలుగు లిపిలోవే కాదు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగు బూతులూ అందులో వేయండి, ఎక్కువ వచ్చేవి అవే.

అసలు సంగతి ఇది: బ్లాక్ చేసే ముందు ఆగండి. కంగారులో చాట్ డిలీట్ చేస్తే చూపించడానికి ఏమీ మిగలదు, పైగా వాడే "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" కొట్టేయొచ్చు. నెంబరు, తేదీ, టైము కనపడేలా వెంటనే స్క్రీన్‌షాట్లు తీయండి. ఇన్‌స్టా అయితే ప్రొఫైల్ లింకు కూడా కాపీ చేసుకోండి. ఒకసారి చూడగానే మాయమయ్యే ఫొటోకి స్క్రీన్‌షాట్ పడదు, ఇంకో ఫోనుతో ఫొటో తీయించండి. ఆ తర్వాత ఒకే ఒక్క జవాబు: "నాకిష్టం లేదు, మళ్ళీ మెసేజీ చేయకండి". తిట్టొద్దు, మళ్ళీ రాయొద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం, ఆడమనిషి ఇష్టం లేదని స్పష్టంగా తెలిపాక కూడా పదేపదే వెంటపడితే స్టాకింగ్ కింద మొదటిసారికే 3 ఏళ్ళ దాకా జైలు. మీరు రాసిన ఆ ఒక్క ముక్క అక్కడ పనికొస్తుంది. అప్పుడు బ్లాక్ చేయండి.

మార్ఫింగ్ ఫొటో పెడతానని బెదిరిస్తే డబ్బు పంపకండి, ఒకసారి పంపితే మళ్ళీ అడుగుతాడు. స్టాప్ ఎన్‌సీఐఐ అని ఉచిత సైటు ఉంది, 18 ఏళ్ళు నిండినవాళ్ళకి. ఫొటో మీ ఫోన్లోనే ఉంటుంది, దాని గుర్తు లాంటి కోడ్ మాత్రమే వెళ్తుంది, ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటివి ఆ కోడ్‌తో పోల్చి ఆపుతాయి.

ఫిర్యాదుకి కేంద్ర సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ళ కోసం వేరే విభాగం ఉంది. పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు, కాకపోతే అలా ఇస్తే కేసు ఎంతవరకు వచ్చిందో చూసుకోలేరు. స్టేషన్‌కి వెళ్తే "మా పరిధి కాదు" అనొచ్చు. మన గోదావరి జిల్లాల్లో ఇది మరీ తేలిక, నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగితే జిల్లా మారిపోతుంది. నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే కొత్త చట్టంలోనే ఉంది, ఆ మాటే అనండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, చేతికొచ్చాకే లేవండి.